ఓడలో పదిహేడేళ్ల పిల్ల

మొన్న ఏప్రిల్లో మా అక్క ఫోన్ చేసింది. సింగపూర్ నుంచి నాలుగు రాత్రుల క్రూయిజ్ బుక్ చేశారట, నన్ను కూడా రమ్మంటోంది. "దానికి మాత్రం ఇంకా చెప్పలేదే. ఇంటర్ అయిపోయింది కదా, సర్‌ప్రైజ్ ఇద్దామని!"

"అది" అంటే మా అక్క కూతురు, వయసు పదిహేడు. రెండేళ్లు కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో ఉండి, పరీక్షలు రాసేసి, ఇక కొన్నాళ్లు ఎవరి మాటా వినక్కర్లేదని లెక్కలేసుకుంటున్న పిల్ల. అమ్మానాన్నలు తనని అడక్కుండా నిర్ణయం తీసుకుని దానికి సర్‌ప్రైజ్ అని పేరు పెడితే, ఆ వయసులో ఎవరికి మాత్రం నచ్చుతుంది? చెప్పగానే మూడే ముక్కలు అడిగింది: "వైఫై ఉంటుందా? నా రూమ్ నాదేనా? మీతోపాటే తిరగాలా?" బావ మొహం మాడ్చుకున్నాడు గానీ, ఆ మూడూ సరైన ప్రశ్నలే. ట్రావెల్ ఏజెంటు ఇచ్చిన రంగుల కాగితంలో ఎనిమిది రకాల భోజనాల గురించి ఉంది కానీ వీటి గురించి ఒక్క ముక్క లేదు.

క్రూయిజ్ అంటే మనవాళ్లకి ఇంకా కొత్తే. విశాఖ నుంచి పుదుచ్చేరి, చెన్నైల మీదుగా క్రూయిజ్ తిరిగింది 2022 జూన్‌లో. హైదరాబాద్, విజయవాడల నుంచి వెళ్లేవాళ్లు ఎక్కువగా సింగపూర్‌కో, ముంబయికో వెళ్లి ఓడ ఎక్కుతారు. అమెరికాలోని తెలుగు కుటుంబాలైతే ఫ్లోరిడాకో, టెక్సస్‌లోని గాల్వెస్టన్‌కో వెళ్లి ఎక్కుతాయి. ఓడంటే నీళ్లమీద నడిచే హోటలే. గది అద్దె, భోజనం, ఆటలు, షోలు అన్నీ టికెట్లోనే. మద్యం, వైఫై, రేవుల్లో టూర్లు, రోజువారీ టిప్పులు వేరే. అమెరికా ఓడల్లో ఆ టిప్పులే మనిషికి రోజుకి 16 నుంచి 20 డాలర్ల దాకా అవుతాయి, పిల్లలకీ తప్పవు. 2024 జనవరిలో మయామీ నుంచి తిరగడం మొదలైన ఐకాన్ ఆఫ్ ద సీస్‌కి ఇరవై అంతస్తులు, కిక్కిరిస్తే 7,600 మంది ప్రయాణికులు పడతారు. అంత జనంలో మీ పిల్ల ఎక్కడ ఉంటుంది, ఎవరితో ఉంటుంది, ఎన్నింటికి తిరిగొస్తుంది? క్రూయిజ్ మంచీచెడూ ఇక్కడే తేలుతుంది.

బుక్ చేసేముందు ఒక్క లెక్క చూడాలి. ఓడ ఎక్కే రోజుకి పిల్లకి ఎన్నేళ్లు? పదిహేడా, పద్దెనిమిదా? పెద్ద ఓడలన్నిటిలో టీన్ క్లబ్బు అని ఒకటి ఉంటుంది. పాటలు, గేములు, అర్ధరాత్రి సినిమాలు, పెద్దవాళ్లకి ప్రవేశం లేని ఒక గది. అది దాదాపు అంతటా పదిహేడు నిండినవాళ్ల దాకానే. పద్దెనిమిది వచ్చిందా, ఆ తలుపు మూసుకున్నట్టే. పోనీ పెద్దవాళ్ల వైపు తలుపు తెరుచుకుంటుందా అంటే, అది ఓడ ఏ దేశం నుంచి బయలుదేరిందన్న దాన్నిబట్టి ఉంటుంది. రాయల్ కరీబియన్ ఓడే ఫ్లోరిడా నుంచి కదిలితే 21 నిండనిదే మద్యం పోయరు. అదే కంపెనీ ఓడ సింగపూర్ నుంచి కదిలితే పద్దెనిమిదికే పోస్తారు. హైదరాబాద్‌లో 21 నిండని పిల్లాడికి అమ్మకూడదని చట్టం ఉంది కాబట్టి అక్కడా అంతేలే అనుకునే తండ్రికి, బిల్లు చూశాకగానీ సంగతి తెలియదు.

అమెరికా ఓడల్లో 18-20 ఏళ్లవాళ్ల పరిస్థితి మరీ అన్యాయం. పిల్లల క్లబ్బులోకి రానివ్వరు, పెద్దవాళ్ల బారులో పోయరు. డిస్నీ ఓడల్లో మాత్రం ఆ వయసువాళ్లకని ప్రత్యేకంగా కలుసుకునే కార్యక్రమాలు పెడతారు. కాలేజీలో చేరిన కొడుకుని తీసుకెళ్లాలనుకుంటే, వాడి ఈడు కజిన్‌ని ఒకణ్ణి వెంటపెట్టుకుని వెళ్లండి. నా లెక్కలో బాల్కనీ గదికి పెట్టే అదనపు డబ్బు కంటే ఇది మంచి ఖర్చు.

పద్దెనిమిది లోపు వాళ్లలోనూ తేడాలున్నాయి. కొన్ని కంపెనీలు పన్నెండు నుంచి పదిహేడు దాకా అందర్నీ ఒకే గదిలో పోస్తాయి. కార్నివాల్, ఎమ్మెస్సీ లాంటివి 12-14, 15-17 అని విడదీస్తాయి. ఇంటర్ అయిపోయిన పిల్లని ఆరో తరగతి పిల్లలతో కూర్చోబెడితే ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. మా ఓడలో అందరికీ ఒకటే క్లబ్బు. మొదటిరోజు రాత్రి తొమ్మిదిన్నరకి పరిచయాల సమావేశం అన్నారు. మా పిల్ల గుమ్మం దాకా వెళ్లి లోపలికి తొంగి చూసి వచ్చేసింది. "పిన్నీ, అక్కడ పిల్లలు పళ్లకి క్లిప్పులు పెట్టుకుని గెంతుతున్నారు." ఆ రాత్రి భోజనాల బల్ల దగ్గర సిగ్నల్ లేని ఫోన్‌ని అటూ ఇటూ తిప్పుతూ, ఫోర్కుకి నూడుల్స్ చుట్టి మళ్లీ విప్పుతూ కూర్చుంది. బావ నావైపు చూసిన చూపుకి అర్థం, లక్షలు తగలేశాం అని.

నిజానికి మొదటి రాత్రి వెళ్లి తీరాలి. నాలుగైదు రోజుల ప్రయాణంలో జట్లు కట్టేది ఆ మొదటి రెండు గంటల్లోనే. మూడోరోజు వెళ్తే అప్పటికే వాళ్లకి వాళ్ల జోకులు, వాళ్ల మూలలు ఏర్పడిపోయి ఉంటాయి. నచ్చకపోతే పది నిమిషాల్లో వచ్చేయొచ్చని చెప్పి పంపాలి. వెంట మాత్రం వెళ్లకూడదు.

మా పిల్ల అదృష్టం టేబుల్ టెన్నిస్ బల్ల రూపంలో వచ్చింది. రెండోరోజు మధ్యాహ్నం బ్యాటు పట్టుకుని ఒక్కతే బంతిని బల్లమీద కొట్టుకుంటుంటే, పుణె నుంచి వచ్చిన ఇంకో పిల్ల వచ్చి నిలబడింది. సాయంత్రానికి నలుగురయ్యారు. ఇన్‌స్టా ఐడీలు ఇచ్చిపుచ్చుకున్నారు గానీ ఒక్కరికీ నెట్ లేదు. వైఫై ఒక్కో ఫోన్‌కి రోజుకి ఇరవై డాలర్లు, ఆపైన అంటే ఏ తండ్రీ కొనలేదు. ఏం చేశారనుకున్నారు? ఒకళ్ల కేబిన్ తలుపుకి ఇంకొకళ్లు చీటీలు అంటించారు. "4 గం.కి టీటీ బల్ల." "డెక్ 14, పిజ్జా." మా కాలంలో మేం చేసినట్టే. ఓడ కంపెనీల యాప్‌లో ఓడ లోపల మాత్రమే పనిచేసే చాట్ ఉంటుంది, కొన్నిచోట్ల ఉచితం, కొన్నిచోట్ల కొద్దిగా రుసుము. తల్లిదండ్రులకి అది చాలు. ఇంకోమాట, ఓడ ఎక్కగానే అందరి ఫోన్లూ ఫ్లైట్ మోడ్‌లో పెట్టించండి. నడిసముద్రంలో ఫోన్ పట్టుకునేది ఓడ సొంత శాటిలైట్ నెట్‌వర్క్‌ని. మామూలు ఇంటర్నేషనల్ రోమింగ్ ప్యాక్‌ సాధారణంగా దానికి వర్తించదు. రీల్స్ రెండు చూస్తే బిల్లు చూసి కళ్లు తిరుగుతాయి.

రాత్రి ఎన్నింటికి తిరిగి రావాలన్నదానిమీద పెద్ద పంచాయితీ అయింది. బావ పదింటికన్నాడు. పిల్ల రెండింటికంది. చాలా ఓడల్లో మైనర్లకి ఓడ వాళ్లే రాత్రి ఒంటిగంట అని హద్దు పెడతారు, ఆ తర్వాత ఒంటరిగా తిరుగుతుంటే సెక్యూరిటీ వాళ్లు గది దాకా తీసుకొచ్చి వదులుతారు. ఆ సంగతి తెలిశాక బేరం పన్నెండున్నర దగ్గర తెగింది. మిగతా ఒప్పందం కూడా అప్పుడే రాసుకున్నాం. డెక్ మారితే మెసేజ్. ఎవరి కేబిన్లోకీ వెళ్లకూడదు, ఎవర్నీ మన కేబిన్లోకి పిలవకూడదు, ఆడపిల్లలైనా సరే. ఎవరైనా ఇచ్చిన గ్లాసు తాగకూడదు. రాత్రి భోజనం అందరితో కలిసి. మిగతా రోజంతా తనిష్టం, పదకొండు దాకా పడుకున్నా ఎవరూ లేపరు. ఆ చివరి షరతు ఒప్పుకోవడానికే మా అక్క చాలా కష్టపడింది. టిఫిన్ బఫే తొమ్మిదిన్నరకి కట్టేస్తారని రోజూ ఉదయం తలుపు దాకా వచ్చి, నేను వేలు అడ్డం పెడితే వెనక్కి వెళ్లేది.

గది విషయం. ముగ్గురు ఒకే కేబిన్లో సర్దుకుంటే మూడో మనిషికి టికెట్ తక్కువ పడుతుంది, నిజమే. కానీ కేబిన్ అంటే పద్దెనిమిదడుగులకి పదడుగులు, కాస్త అటూ ఇటూగా. మూడో మంచం సోఫా నుంచి లాగేదో, పైకప్పు నుంచి దించేదో అవుతుంది. ఆరడుగుల కొడుకు ఉంటే వాడి పాదాలు మీ తలమీద ఉంటాయి. పోనీ పిల్లకి పక్క గది ఒక్కటీ ఇద్దామా అంటే, ప్రతి గదికీ పెద్దవాళ్లు ఒకరుండాలి అనే నిబంధన అడ్డొస్తుంది, అమెరికా ఓడల్లోనైతే ఆ పెద్దవాళ్లకి 21 నిండాలి. అమ్మానాన్నలదే పక్క గది అయితే కొన్ని కంపెనీలు సడలిస్తాయి. మా పిల్లకి పక్క గదిలో దొరికిన పెద్దమనిషిని నేను.

ఓడ కదలకముందు అందరూ మస్టర్ డ్రిల్లుకి, అంటే ప్రమాదం వస్తే ఎక్కడికి చేరాలో నేర్పే కసరత్తుకి వెళ్లాలి. ఇప్పుడది పావుగంట పని, యాప్‌లో వీడియో చూసి, మనకి కేటాయించిన చోటికి వెళ్లి కార్డు స్కాన్ చేయించుకోవడమే. 2012 జనవరి 13న ఇటలీలోని జిల్యో దీవి దగ్గర కోస్టా కాంకార్డియా అనే ఓడ రాళ్లకి కొట్టుకుని 32 మంది చనిపోయినప్పుడు, ఆ రోజే ఎక్కిన వందలమందికి ఇంకా డ్రిల్లు కాలేదు. ఓడ కదిలేముందో, కదలగానేనో డ్రిల్లు జరిగి తీరాలని నిబంధన బిగించింది ఆ తర్వాతే. పిల్ల పదిహేడేళ్లదైతే ఇంకో సంగతి కూడా చెప్పాలి. ప్రమాద సంకేతంగా ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత వినపడితే అమ్మ కోసం గదికి పరిగెత్తకూడదు, నేరుగా తన మస్టర్ స్టేషన్‌కే వెళ్లాలి. అమ్మా అక్కడికే వస్తుంది. ఇద్దరూ ఒకరినొకరు వెతుక్కుంటూ ఎదురెదురు మెట్లెక్కితేనే ప్రమాదం.

రేవుల్లో ఒకచోట ఎలా తిరగాలన్నది పిల్లకి అప్పగించాలి. మలేసియాలోని పెనాంగ్ మా పిల్లది. ఓడ స్వెట్టెన్‌హామ్ పియర్ దగ్గర ఆగుతుంది, అక్కణ్ణించి జార్జ్‌టౌన్ పాతబస్తీలోకి నడిచే వెళ్లొచ్చు. 2008లో యునెస్కో వారసత్వ జాబితాలోకెక్కిన ఊరది. ఆర్మేనియన్ వీధిలో, గోడమీద బొమ్మ గీసిన ఇద్దరు పిల్లలు నిజం సైకిలెక్కినట్టుంటారు. 2012లో ఎర్నెస్ట్ జకరెవిచ్ వేసింది. అక్కడ ఫోటో కోసం ఎండలో ఇరవై నిమిషాలు లైన్లో నిలబడ్డాం, బావ సహా.

ఫుకెట్‌లో మాత్రం గండం తప్పింది. థాయ్‌లాండ్ గడియారం సింగపూర్ కంటే గంట వెనక. మా ఓడ సింగపూర్ టైమే పాటించింది, మేం దిగగానే ఫోన్ తనంతట తను థాయ్ టైముకి మారిపోయింది. పటాంగ్ బీచ్‌లో పిల్ల ఫోన్ చూసి "ఇంకా రెండే కదా" అంటోంది, నా చేతి గడియారంలో మూడు. ఆఖరి పడవ నాలుగుంబావుకి. ఓడ వాళ్ల టూరులో వెళ్లి ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, సొంతంగా వెళ్తే ఆగదు. టీనేజర్ చేతికి ఫోన్‌తో పాటు వాచీ కూడా ఉండాలనడానికి నా దగ్గరున్న ఏకైక కారణం ఇదే.

కాగితాల సంగతికి వస్తే, ఈ వయసుకి ప్రత్యేకంగా ఒక చిక్కుంది. మైనర్ పాస్‌పోర్టు గడువు ఐదేళ్లు, లేదా పద్దెనిమిది నిండేదాకా, ఏది ముందైతే అది. మా పిల్లకి అక్టోబర్లో పద్దెనిమిది. ప్రయాణం మే నెలాఖరున. సింగపూర్‌కి వెళ్లాలంటే పాస్‌పోర్టుకి ఆర్నెల్ల గడువు మిగిలి ఉండాలి. ఐదు నెలలే ఉంది. వీసా ఏజెంటు చూసి చెప్పేదాకా ఎవరికీ తట్టలేదు. పదిహేను దాటినవాళ్లు 1,500 రూపాయలు కట్టి పదేళ్ల పాస్‌పోర్టు తీసుకోవచ్చు. ఆ పనేదో టికెట్లకి ముందే చేసుంటే తత్కాల్ పరుగులు తప్పేవి. సింగపూర్ నుంచి బయటికెళ్లి మళ్లీ అక్కడికే వస్తారు కాబట్టి వీసా మల్టిపుల్ ఎంట్రీదో కాదో చూసుకోవాలి. అమెరికాలో అమ్మమ్మా తాతయ్యల్ని కరీబియన్ తీసుకెళ్లేవాళ్లకీ ఇదే జాగ్రత్త. అక్కడ పుట్టిన పిల్లలకి, ఎక్కిన రేవుకే తిరిగొచ్చే ప్రయాణాల్లో పదహారు లోపైతే బర్త్ సర్టిఫికెట్ సరిపోతుంది, పదహారు నిండితే ఫోటో గుర్తింపు కార్డు కూడా కావాలి. అమ్మానాన్నల్లో ఒక్కరే వెంట వెళ్తుంటే రెండోవాళ్ల అనుమతి పత్రం నోటరీ చేయించి దగ్గర పెట్టుకోవడం మంచిది.

రైస్ కుక్కర్, కెటిల్, ఇస్త్రీపెట్టె పట్టుకెళ్లొద్దు. స్కానర్ దగ్గరే తీసేసుకుంటారు. మా అక్క సంచీలో కుక్కర్ అలాగే దొరికి, తిరిగి దిగేటప్పుడు ఇచ్చారు.

ఆఖరి రాత్రి పెట్టెలన్నీ పదకొండులోపు గది బయట పెట్టేయాలి, ఓడ వాళ్లు పట్టుకెళ్లి పొద్దున టెర్మినల్లో అప్పగిస్తారు. పిల్ల స్నేహితులతో ఉంది కదాని మా అక్క తనే వచ్చి దాని బట్టలన్నీ శుభ్రంగా మడతపెట్టి, జిప్పులేసి, ట్యాగు కట్టి బయట పెట్టేసింది. పన్నెండూ ఇరవై ఐదుకి తలుపు తెరుచుకుంది. ఒప్పందం ప్రకారం ఇంకా అయిదు నిమిషాలుంది. లోపలికొచ్చి బీరువా తీసి చూసింది. ఒక్క గుడ్డముక్క లేదు.

"పిన్నీ, రేపేం వేసుకోవాలి?"

మర్నాడు ఉదయం ఎనిమిదింటికి సింగపూర్ ఇమిగ్రేషన్ లైన్లో, నిన్నటి పార్టీకి వేసుకున్న తళుకుల గౌను మీద వాళ్ల నాన్న గళ్ల చొక్కా తొడుక్కుని, కాళ్లకి ఓడ వాళ్ల తెల్ల గది చెప్పులతో నిలబడింది మా పిల్ల. రెండు లైన్ల అవతల పుణె పిల్ల కూడా గౌనులోనే ఉంది.