బంగారు నాణేలు – ముద్రణా భేదాలు

బంగారానికి తూకాన్ని బట్టి వెల. బంగారు నాణేనికి తూకంతోపాటు చరిత్రను బట్టి కూడా వెల. ఈ రెండవ వెలను కంసాలి త్రాసు చూపజాలదు. దానిని చూడగలది శిక్షణ పొందిన కన్ను మాత్రమే. ఆ శిక్షణ ఎట్టిదో విద్యార్థులకు స్థూలంగా పరిచయం చేయడమే ఈ వ్యాసోద్దేశం.

నేటి ప్రపంచంలో నాణేల సేకర్తలను విశేషంగా ఆకర్షిస్తున్న వాటిలో చైనా దేశపు పాండా బంగారు నాణెం ఒకటి. ఇది 1982లో వెలువడింది. తొలి సంవత్సరపు నాణెంపై దాని ముఖవిలువ ముద్రించబడలేదు. 1983 నుండి ముద్రిస్తున్నారు. పాండా బొమ్మను ఏటేటా మార్చడం అక్కడి ఆనవాయితీ. 2001, 2002 సంవత్సరాలలో మాత్రం ఒకే బొమ్మ వచ్చింది. 2016 నుండి ఔన్సులకు బదులు గ్రాముల తూకం అమలులోకి వచ్చింది. ఒకే సంవత్సరపు నాణేలలో సైతం కొన్నింటిపై సంవత్సరపు అంకెలు పెద్దవిగా, మరికొన్నింటిపై చిన్నవిగా ఉంటాయి. అచ్చుదిమ్మె మారినప్పుడు ఇట్టి భేదాలు ఏర్పడతాయి. సామాన్యునికి రెండూ ఒక్కటే. సేకర్తకు మాత్రం అవి రెండు వేర్వేరు నాణేలు.

ఇట్టి వింతల కోసం మనం చైనా దాకా పోనక్కరలేదు. మన గోదావరీ తీరమే ఇందుకు చక్కని ఉదాహరణ. రాజమహేంద్రవరం నుండి పాలించిన తూర్పు చాళుక్య ప్రభువు రాజరాజ నరేంద్రుడు, ఆయనకు ముందు పాలించిన మొదటి శక్తివర్మ పలుచని బంగారు నాణేలు వేయించారు. నడుమ రాజలాంఛనమైన వరాహం, చుట్టూ అక్షరాలు, వెనుకవైపు ఖాళీ. వీటిని ఒకే అచ్చుతో ముద్రించలేదు. వరాహానికొక ముద్ర, ఒక్కొక్క అక్షరానికి ఒక్కొక్క ముద్ర విడివిడిగా ఉంచి సుత్తితో కొట్టేవారు. అందువల్ల ఒక నాణెంలో అక్షరం పక్కకు ఒరుగుతుంది, మరొక దానిలో వరాహానికి చేరువవుతుంది. ఏ రెండు నాణేలూ అచ్చంగా ఒకే తీరుగా ఉండవు. ఈ నాణేలు మన ధవళేశ్వరంలోనే కాక, బర్మా తీరంలోని చెదుబా ద్వీపంలోనూ, సయాము దేశంలోనూ దొరకడం గమనార్హం. తూర్పు తీరపు సముద్ర వర్తకం ఎంతదూరం వ్యాపించిందో ఊహించడానికి అవి మనకు ఆధారం.

హైదరాబాదు అష్రఫీ మరొక చక్కని పాఠం. 1903లో సైఫాబాదులో యంత్రాల టంకశాల ఏర్పడిన తరువాత చార్మినారు బొమ్మ గల నాణేలు వెలువడ్డాయి. అష్రఫీ తూకం సుమారు 11.18 గ్రాములు. దానికి అర, పావు, పావులో సగం అష్రఫీలు కూడా ఉండేవి. చార్మినారు ద్వారంలో ఒక చిన్న అక్షరం కన్పడుతుంది. అది ‘మీమ్’ అయితే నాణెం మహబూబ్ అలీ ఖాన్ కాలానిది. ‘ఐన్’ అయితే 1911లో గద్దెనెక్కిన ఉస్మాన్ అలీ ఖాన్ కాలానిది. ఈ ‘ఐన్’లోనూ రెండు రకాలున్నాయి. తొలి నాణేలలో పదాదిలో వ్రాసే పొట్టి రూపం, తరువాతి వాటిలో పూర్తి రూపం. నాణెంపై కన్పడే 92 అంకె సంవత్సరం కాదు. అబ్జద్ లెక్క ప్రకారం ‘ముహమ్మద్’ అనే నామంలోని అక్షరాల మొత్తం అది: 40, 8, 40, 4.

ఇక సంవత్సరం సంగతి. ఈ నాణేలపై హిజ్రీ సంవత్సరమూ, పాలనా సంవత్సరమూ రెండూ ఉంటాయి. హిజ్రీ సంవత్సరం ముహర్రంతో మారుతుంది. పాలనా సంవత్సరం పట్టాభిషేక దినంతో మారుతుంది. అందువల్ల ఒకే హిజ్రీ సంవత్సరపు నాణేలపై రెండు వేర్వేరు పాలనా సంవత్సరాలు రావచ్చు. అది పొరపాటు కాదు, లెక్కలోని న్యాయమే.

మా దాదీమా పెట్టెలో ఒక అష్రఫీ ఉండేది. మా అక్క వివాహ సమయంలో దానిని కరిగించి గాజులలో కలిపారు. తప్పు ఎవరిదీ కాదు; ఆనాటి అవసరం అట్టిది. కాని ద్వారంలోని అక్షరం మీమో, ఐనో మాలో ఒక్కరమూ చూడలేదు. ఏ సంవత్సరమో వ్రాసి పెట్టుకోలేదు. గాజులు నేటికీ ఉన్నాయి. ఆ ప్రశ్నకు జవాబు మాత్రం మూసలోనే కరిగిపోయింది.

కనుక విద్యార్థులకు నా విన్నపం. ఇంట పాత నాణెం ఉన్నచో చింతపండుతో తోమవద్దు. అంచులు పట్టుకుని చూడండి. తూకం, సంవత్సరం, అక్షరాలు వ్రాసుకోండి. రెండు వైపులా ఛాయాచిత్రం తీయించండి. పొలంలో నిక్షేపం దొరికితే 1878 నాటి చట్టం ప్రకారం కలెక్టరుకు తెలియజేయడం మన విధి. బంగారం లేనివారు నిరాశపడనక్కరలేదు. జేబులోని రూపాయి బిళ్ళపై సంవత్సరం క్రింద నక్షత్రం ఉంటే అది హైదరాబాదు టంకశాలది, చుక్క ఉంటే నోయిడాది. సేకరణకు ఆరంభం అక్కడినుండే చేయవచ్చు. సైఫాబాదు పాత టంకశాలలో 2022లో ప్రదర్శనశాల కూడా తెరిచారు.

కళాశాల సంఘం వారు గ్రంథాలయంలో ఒక అద్దాల పెట్టె, ఒక భూతద్దం, ఒక నమోదు పుస్తకం ఏర్పాటు చేసినచో ఉర్దూ చదివే విద్యార్థి అష్రఫీపై అక్షరాలను, తెలుగు చదివే విద్యార్థి చాళుక్య నాణెపు చిత్రంపై అక్షరాలను ఒకరికొకరు చదివి వినిపించుకోగలరు. కరిగించవలసి వచ్చిన బంగారాన్ని మనం ఆపలేకపోవచ్చు. కరిగేలోపు దానిని చదవడం మాత్రం మన చేతిలోని పని.