పురుగు ఫోటోకు "సూపర్" అంటే సరిపోదు: తోటి రైతుకు పనికొచ్చే మాట ఎలా చెప్పాలి?



పోయిన చలికాలం మా మహేశ్వరం మండలంలోనే పందిరి చిక్కుడు వేసిన ఒక తమ్ముడు నా ఫోన్‌కి ఒక ఫోటో పంపాడు. తీగ మీద నల్లగా, నారింజ మచ్చలతో, చిన్న మొసలి పిల్లలా ఉన్న పురుగు. ఫోటో కొంచెం మసకగా ఉంది. అప్పుడు నేను కూరగాయల మూటలు బండికెత్తే హడావిడిలో ఉన్నా. "సూపర్ ఫోటో తమ్మీ" అని ఒక ముక్క కొట్టి ఫోన్ జేబులో పెట్టుకున్నా.

ఆయనకు కావాల్సింది మెప్పు కాదు, అదేం పురుగో తెలియడం. నేనేమీ చెప్పకపోయేసరికి మరునాడు పొద్దున్నే అగ్నిఅస్త్రం కొట్టేశాడు. రెండ్రోజుల తర్వాత చేనుకు వెళ్తే ఒకటి రెండు మిగిలి కనిపించాయి. అవి అక్షింతల పురుగు పిల్లలు. పేనుబంకను తినడానికి వచ్చిన మన మిత్రులు! వాటిని పోగొట్టుకున్నాక వారం తిరిగేసరికి చిగుళ్ల నిండా పేనుబంక మళ్లీ వచ్చింది. తప్పు ఆయనది కాదు, నాది. కషాయమైనా ఘాటు ఘాటే, మిత్రుడెవరో శత్రువెవరో దానికి తెలియదు. ఆ తేడా మనం చూడాలి, చూసి చెప్పాలి.

ముందు తెలుసుకోండి: ఫోటో దేనికి తీశారు?

కొందరు ఇష్టంతో తీస్తారు. సీతాకోకచిలుక, తూనీగ, మంచు బిందువులు. వాళ్లకు "పురుగు కన్ను స్పష్టంగా వచ్చింది, ఎండ మాత్రం నెత్తిమీద పడి రంగు తెల్లబోయింది, పొద్దున ఏడింటికి తీసి చూడు" అంటే చాలు.

గుర్తుపట్టడానికి తీసిన ఫోటో లెక్క వేరు. వెనకంతా మసకబారి పురుగొక్కటే మెరిసే ఫోటో చూడ్డానికి ఎంత బాగున్నా, ఆ పురుగు ఆకును తింటోందా, ఆకు మీది ఇంకో పురుగును తింటోందా అన్నది అందులో తెలియదు.

దీనికి అక్షింతల పురుగే మంచి ఉదాహరణ. పేనుబంకను తినేదాన్నీ ఆ పేరుతోనే పిలుస్తాం, వంగ ఆకు గీకి తినే ఎపిలాక్నానూ ఆ పేరుతోనే పిలుస్తాం. మిత్ర పురుగుల్లో చాలావరకు పైన నున్నగా మెరుస్తాయి. ఎపిలాక్నా వీపు మెరవదు, సన్నని నూగు ఉంటుంది. దాని పిల్ల పసుపు రంగులో, ఒంటి నిండా ముళ్లతో ఉంటుంది. అది తిన్న ఆకు ఈనెలు మిగిలి జల్లెడలా కనిపిస్తుంది. పురుగు మసకగా వచ్చినా ఆకు కనిపిస్తే సగం జవాబు దొరికినట్టే. అలాగే పిండినల్లిని తినే క్రిప్టోలేమస్ పిల్ల కూడా తెల్లటి మైనంతో అచ్చం పిండినల్లిలానే ఉంటుంది. తొందరపడితే దాన్నీ చంపుకుంటాం.

ఫోటో చూశాక ఎలా చెప్పాలి?

1. పనికొచ్చినదాన్ని విడిగా చెప్పండి. "బాగుంది" అని వదిలేయొద్దు. "ఆకు తిప్పి అడుగువైపు తీసినవ్, అదే కావాలి" అంటే ఈసారి కూడా అలాగే తీస్తారు.

2. ఒక్కసారికి ఒక్క సవరణే, చేతికి పని దొరికేలా చెప్పండి. "మసకగా ఉంది" అంటే ఏం చేయాలో అర్థం కాదు. కారణం చూసి ఇలా చెప్పండి:
- ఫోన్ మరీ దగ్గర పెట్టి ఉంటే: "అరజానెడు నుంచి జానెడు దూరం జరిగి, 2 రెట్లు జూమ్ పెట్టి, తెర మీద పురుగును వేలితో తాకు."
- గాలికి కదిలితే: "ఒక చేత్తో కాడ పట్టుకో."
- ఫోటో అంతా పొగమంచులా ఉంటే: "కెమెరా అద్దం మెత్తని గుడ్డతో తుడువు." మన ఎర్ర దుమ్ము, జీవామృతం చేతులు అద్దాన్ని ఊరికే వదలవు.
- సైజు తెలియకపోతే: "పక్కన బియ్యపు గింజ పెట్టు."

3. పేరు చెప్పే ముందు ప్రశ్న వేయండి. 1989లో ఇండోనేషియా వరి పొలాల్లో మొదలైన రైతు పొలం బడుల్లో ఇదే పద్ధతి. రైతు "ఇదేంటి?" అంటే "ఎక్కడ దొరికింది? ఏం చేస్తోంది? ఎన్ని ఉన్నాయి?" అని తిరిగి అడుగుతారు. జవాబు వెతుక్కుంటూ రైతే చేను చూడ్డం నేర్చుకుంటాడు.

4. తెలియకపోతే తెలియదనండి. "ఇందులో చెప్పలేను అన్నా, ఇంకో ఫోటో వచ్చేదాకా ఏదీ కొట్టకు" అనడం మంచి సలహానే.

5. నవ్వకండి. కొడుకు ఫోన్ అడిగి తీసుకుని మొదటిసారి ఫోటో తీసిన అక్కను పదిమందిలో "ఇదేం ఫోటో" అంటే, ఆమె ఇక ఫోటో పంపదు. చేనులో ఏదో కనిపించిన రోజు కూడా పంపదు.

ఎన్ని ఉన్నాయో కూడా కావాలి

మనకు దగ్గర్లోనే రాజేంద్రనగర్‌లో ఉన్న జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ పంట పర్యావరణ విశ్లేషణ నేర్పుతుంది. అందులో రైతులు చార్టు మధ్యలో మొక్క బొమ్మ గీసి, ఒక పక్క శత్రు పురుగులు, ఇంకో పక్క మిత్ర పురుగులు లెక్కగట్టి వేస్తారు. రెండు శత్రువులకు ఒక మిత్రుడు, అంటే 2:1 ఉంటే సాధారణంగా మందు జోలికి పోనక్కర్లేదు, గమనిస్తూ ఉంటే చాలు. అందుకే ఒక్క పురుగు ఫోటో చూసి తీర్పు చెప్పొద్దు. మూడు ఫోటోలు అడగండి: మొక్క మొత్తం, ఆకు రెండు వైపులా, పురుగు దగ్గరగా. పక్క మొక్కల మీద ఎన్ని ఉన్నాయో కూడా రాయమనండి.

మొన్న అదే తమ్ముడు వంగ తోట నుంచి ఫోటోలు పంపాడు. ఆకు జల్లెడైంది, పురుగు వీపు మీద నూగు, పక్కన బియ్యపు గింజ. "ఎపిలాక్నాలెక్కుంది అన్నా, ఏరేస్తున్న" అని తనే రాశాడు. నేను చెప్పడానికి ఇక మిగిలింది ఒక్క మాటే: "ఆకు అడుగున పసుపు గుడ్ల ముద్దలున్నయేమో చూడు తమ్మీ." చూశాడు, పదకొండు ఆకులు తుంచాడు.

ఫోన్ పట్టుకునే తీరు, రెండు అక్షింతల పురుగుల తేడా వీడియోలో దగ్గరగా చూపించాను. ఈసారి మీకు ఎవరైనా పురుగు ఫోటో పంపితే, బొటనవేలు గుర్తు కొట్టేముందు ఒక్క ప్రశ్న అడగండి.