ఇంటి నిల్వపెట్టె తలుపు తీయనప్పుడు

ఇటీవలి కాలమున మన గృహములలోనికి వచ్చి చేరిన సామగ్రిలో నాస్ అనునది యొకటి. రెండు మూడు లావుపాటి నిఘంటువులను ప్రక్కప్రక్కన నిలిపినంత పెట్టె యిది. అందు సాధారణముగా రెండో నాలుగో హార్డుడిస్కులుండును. రౌటరునకు తీగతో కలుపబడి, మెట్ల క్రిందనో టెలివిజను వెనుకనో రేయింబవళ్లు పనిచేయుచు, ఇంటిలోని కంప్యూటరులకును ఫోనులకును ఉమ్మడి కొట్టుగదివలె నుపయోగపడును. పిల్లల ఛాయాచిత్రములు, పెండ్లి వీడియోలు, స్థలముల దస్తావేజుల ప్రతులు, వైద్యపరీక్షల ఫలితములు, గతించిన పెద్దల కంఠధ్వనులు, సమస్తమును అందే చేరును. నగలకు బ్యాంకు లాకరు కలదు. వీనికి మెట్ల క్రింది పెట్టెయే దిక్కు.

అట్టి పెట్టె యొకనాడు పలుకదు. కంప్యూటరు తెఱచి చూడగా, జడ్ అను నక్షరముతో నిత్యము కనబడు డ్రైవుమీద ఎఱ్ఱని అడ్డుగుర్తు. మరల కలుపబోయినచో, నెట్‌వర్కు మార్గము కనబడలేదనియో పాస్‌వర్డు సరికాదనియో సమాధానము. దానిని అమర్చిపెట్టిన కుమారుడు అమెరికాలో నుండును; ఇచ్చట పగలు పది దాటినచో అచ్చట అర్ధరాత్రి. అప్పుడు గృహిణి యేమి చేయవలెను? అంతకంటె ముఖ్యముగా, ఏమి చేయకుండవలెను?

ముందుగా గ్రహింపవలసిన సంగతి యొకటి కలదు. జడ్ అను నక్షరము పెట్టె కాదు. పెట్టెలోని సొత్తును కాదు. ఫలానా చిరునామా గల పెట్టెలోని ఫలానా ఫోల్డరునకు జడ్ అని పేరని కంప్యూటరు తన సౌకర్యార్థము వ్రాసికొన్న చీటీ మాత్రమే. దీనినే డ్రైవు మ్యాపింగు అందురు. చీటీ చెడినంత మాత్రమున సొత్తు పోయినదని భయపడ నక్కఱలేదు. దీపములు మామూలు రంగున వెలుగుచు, కూతలుగాని టకటక శబ్దములుగాని లేక పెట్టె నడచుచున్నచో, లోపము సాధారణముగా దారియందో తాళమునందో యుండును.

ఇది తెలియక తొందరపడినవారికే పెద్ద నష్టము వాటిల్లును. కొందఱు పెట్టె నాపి, డిస్కును పెఱికి, తిన్నగా కంప్యూటరునకు తగిలింతురు. ఈ పెట్టెలలో పెక్కింటి డిస్కులు ఈఎక్స్‌టీ4, బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అను పద్ధతులలో వ్రాయబడును. ఆ వ్రాత విండోసునకు చదువరాదు. చదువరాదని చెప్పక, ‘ఈ డిస్కును వాడుటకు ముందు ఫార్మాటు చేయవలెను, చేయుదునా?’ అని వినయముగా నడుగును. అవునని నొక్కితిమా, పదేండ్ల ఛాయాచిత్రములకు ఆ ఘడియయే చివరి ఘడియ కావచ్చును. అట్లే పెట్టె వెనుకనున్న సన్నని రంధ్రములో సూది గ్రుచ్చి రీసెట్టు చేయుటయు. అది కొన్ని పెట్టెలలో పాస్‌వర్డును మాత్రమే తుడుచును, కొన్నిటిలో అమరిక నంతటిని తుడుచును. ఏది యెట్టిదో ఆ పెట్టెతో వచ్చిన పుస్తకము చెప్పవలసినదే గాని ఊహింపరాదు.

ఇక పరీక్షకు వత్తము. కరెంటు పోయి వచ్చిన దినమైనచో ఐదు పది నిమిషములు ఊరకుండుట మొదటి చికిత్స. కంప్యూటరు త్వరగా లేచును; పెట్టె మెల్లగా లేచును. తాను లేచునప్పటికి పెట్టె కనబడకపోవుటచే కంప్యూటరు ఎఱ్ఱగుర్తు పెట్టుకొని కూర్చుండును. కొంతసేపటికి ఆ డ్రైవుమీద రెండుమాఱులు నొక్కినచో చాలసార్లు తెఱచుకొనును.

అప్పటికిని తెఱవనిచో, చేతిలోని ఫోను నింటి వైఫైకి కలిపి, మొబైలు డేటా నాపివేసి, బ్రౌజరులో పెట్టెయొక్క చిరునామా కొట్టి చూడవలెను. చిరునామా యనగా 192.168.1.20 వంటి నాలుగు సంఖ్యల వరుస. పెట్టె ప్రవేశపుటము ఫోనులో తెఱచుకొన్నదా, పెట్టె క్షేమము, రౌటరు క్షేమము. లోపము కంప్యూటరునకును పెట్టెకును నడుమ నున్నది. కాసు ఖర్చు లేని యీ చిన్న పరీక్ష మరమ్మతువానిని పిలుచుటకు ముందు తప్పక చేయదగినది.

ఫోనులోను రాకున్నచో చిరునామా మాఱినదేమో యని చూడవలెను. ఇంటిలోని యంత్రములకు చిరునామాలు పంచిపెట్టునది రౌటరు. అది యొకసారి ఆగి లేచినప్పుడు, నిన్న 20 ఉన్న పెట్టెకు నేడు 27 ఈయవచ్చును. కంప్యూటరు పాత చీటీ పట్టుకొని, ఖాళీచేసిన యింటి తలుపు తట్టుచుండును. రౌటరు పుటమునందు దానికి చేరిన యంత్రముల పట్టిక యుండును. అందు పెట్టెయొక్క క్రొత్త చిరునామా దొరకును. అక్కడనే ఆ చిరునామాను ఆ పెట్టెకు స్థిరముగా కేటాయించు వీలును కలదు, దానిని డీహెచ్‌సీపీ రిజర్వేషను అందురు. ఒకసారి చేసినచో ఈ బాధ మరల రాదు.

మన యిండ్లలో మఱియొక చిక్కు మిక్కిలి సాధారణము. ఫైబరు కంపెనీవారు పెట్టిన రౌటరొకటి. పైయంతస్తునకు వైఫై యందుటలేదని మనము కొన్నది మఱియొకటి. పెట్టె యొకదానికి, కంప్యూటరు రెండవదానికి కలిసినప్పుడు, ఒకే కప్పు క్రింద రెండు వేఱు వీథులేర్పడినట్లగును. ఒకదాని చిరునామా 192.168.0 తోను, రెండవదానిది 192.168.1 తోను మొదలైనచో ఈ సంగతిని శంకింపవచ్చును. అతిథులకొఱకు ప్రత్యేకించిన వైఫైకి కంప్యూటరు తగులుకొన్నను, కార్యాలయపు పనికై వీపీఎన్ నడుచుచున్నను పెట్టె కనబడకపోవచ్చును. విండోసు మన నెట్‌వర్కును ‘పబ్లిక్’ అని భావించుచున్నచో, సెట్టింగులలో దానిని ‘ప్రైవేట్’గా మార్పవలెను. ఇంటి వైఫైకి మాత్రమే సుమా. రైల్వేస్టేషనులోని వైఫైకి గాదు.

నెట్‌వర్కు పట్టికలో పెట్టె పేరు లేనంత మాత్రమున అది లేదనుకొనరాదు. ఫైల్ ఎక్స్‌ప్లోరరు పైభాగమున చిరునామా వ్రాయు చోట, వెనుకకు వాలిన గీతలు రెండు కొట్టి (అవి తఱచు ఎంటరు మీటకు పైన నుండును), వెంటనే ఆ నాలుగు సంఖ్యల చిరునామా వ్రాసినచో, పట్టికతో నిమిత్తము లేకయే ఫోల్డరులు కనబడవచ్చును. ఆ పట్టిక నమ్మదగినది కాదని నా అభిప్రాయము.

పై పరీక్షలన్నిటను నెగ్గియు తలుపు తెఱవని పెట్టె లుండును. నిన్నటివఱకు చక్కగా నడచి, విండోసు క్రొత్త కూర్పు దిగిన మఱునాడు నిలిచిపోయినచో కారణము భాషలోనిది. కంప్యూటరును పెట్టెయు పరస్పరము మాటాడుకొను పద్ధతికి ఎస్ఎమ్‌బీ అని పేరు. ఇది 1980ల నాటిది. తరువాత దీనికి రెండవ, మూడవ తరములు పుట్టినవి. మొదటి తరమునందలి లోపము నాధారము చేసికొని 2017 మే 12న వన్నాక్రై అను దుష్టప్రోగ్రాము లోకమంతటను వ్యాపించినది. బ్రిటనులో ఆసుపత్రులు రోగులను త్రిప్పిపంపవలసివచ్చినది. మన ఆంధ్రప్రదేశ పోలీసు శాఖవారి కంప్యూటరులు కొన్ని దాని వాతబడినవి. ఆ లోపమునకు మైక్రోసాఫ్టువారు అదే సంవత్సరము మార్చిలోనే మరమ్మతు విడుదలచేసియుండిరి. దానిని వేసికొననివారే చిక్కుకొనిరి. ఆ సంవత్సరపు చివరినుండి వచ్చిన విండోసు కూర్పులు ఈ మొదటి తరపు భాషను క్రమముగా విడిచిపెట్టినవి. పాత పెట్టె యాభాషయే యెఱిగినచో ఇక సంభాషణ లేదు.

విండోసులో మొదటి తరమును మరల మేల్కొల్పుడని సలహా యిచ్చువారు కొల్లలు. పని వెంటనే జరుగును గావున ఆ సలహా మధురముగా తోచును. నేనుమాత్రము ఒప్పుకొనను. పెట్టెయొక్క సెట్టింగులలో ఎస్ఎమ్‌బీ రెండవ తరమును, మూడవ తరమును అనుమతించి, దాని లోపలి ప్రోగ్రామును క్రొత్తది చేయుట సరియైన మార్గము. ఆ శక్తియే లేనంత పాత పెట్టెయైనచో, బ్రౌజరు ద్వారా సొత్తును మఱియొకచోటికి చేర్చుకొని దానికి విశ్రాంతి యిచ్చుట మేలు.

2024లో వచ్చిన విండోస్ 11, 24హెచ్2 కూర్పు మఱియొక అడుగు వేసినది. అందు ‘ప్రో’ తరగతి కంప్యూటరులు, పేరును పాస్‌వర్డును లేక అతిథిగా ప్రవేశించు పద్ధతిని మామూలుగా నిరాకరించును. పంపిన మాటకు సంకేతపు చేవ్రాలును గూడ కోరును. ఎవరైనను తెఱువగల్గునట్లు అమర్చిన పెట్టెలు పెక్కిండ్లలో ఒక్కసారిగా మూగవోవుటకు ఇది కారణము. పెట్టెయందు ఇంటిలోని ప్రతివారి పేరను ఒక ఖాతాను, ఒక పాస్‌వర్డును ఏర్పఱచుట దీనికి చికిత్స. పని కొంచెము పెరిగినను, పిల్లవాడు ఆటలో తండ్రి లెక్కలు చెఱిపివేయు ప్రమాదమును దానితో తగ్గును.

తుదకు తాళపుచెవి. కంప్యూటరు తెఱచుటకు మనము రోజు కొట్టు నాలుగంకెల పిన్ను ఈ పెట్టెకు పనికిరాదు. పెట్టె తన ఖాతాయొక్క పేరును పాస్‌వర్డునే యడుగును. మనము చెప్పకున్నచో కంప్యూటరు తన సొంత పేరునే పంపి, త్రోసివేయబడి, మార్గము కనబడలేదని బొంకుటయు గలదు. కనుక మ్యాపింగు చేయునప్పుడు ‘వేఱు పేరుతో కలుపుము’ అను అర్థము గల గడిలో గుర్తుపెట్టి, పెట్టె ఖాతా పేరు వ్రాయవలెను. పాస్‌వర్డు మార్చినను పాతదానినే కంప్యూటరు జ్ఞాపకముంచుకొని పంపుచున్నచో, కంట్రోలు ప్యానెలులోని క్రెడెన్షియల్ మేనేజరు తెఱచి, ఆ పెట్టె పేర నున్న పాత గుర్తును తీసివేయవలెను. 1219 అను లోపసంఖ్య కనబడినచో, ఒకే పెట్టెకు ఒకే కంప్యూటరునుండి రెండు పేర్లతో పోవుచున్నామని యర్థము. ఉన్న సంబంధములన్నియు తెంచి, కంప్యూటరును ఆపి లేపి, ఒక్క పేరుతోనే మరల కలుపవలెను.

తలుపు తెఱచుకొన్న దినమే చేయవలసిన పని యొకటి కలదు. రెండు డిస్కులలో ఒకే విషయము జంటగా వ్రాయబడుచున్నది గనుక రెండవ ప్రతి యున్నట్లే యని పెక్కుమంది నమ్ముదురు. ఒక డిస్కు చెడినప్పుడు మాత్రమే అది రక్షణ. పొరపాటున చెఱిపినది రెండింటను చెఱుగును. వేఱొక డిస్కునకు సమస్తమును ఎక్కించి, దానిని పెట్టెనుండి విడదీసి బీరువాలో దాచవలెను. ఆ ప్రక్కనే ఒక నోటుపుస్తకమున పెట్టె తయారీ పేరు, నమూనా సంఖ్య, చిరునామా, ఖాతాల పేర్లు, పాస్‌వర్డులు, రౌటరు పాస్‌వర్డు వ్రాసియుంచవలెను. ఇవి గృహయజమాని కొక్కనికే తెలిసియుండుట చాల యిండ్లలో ఆచారమైనది. ఆయన ఆసుపత్రిలో నుండగా బీమా కాగితమునకై ఆ పెట్టె ముందు భార్య చేతులు కట్టుకొని నిలువవలసి వచ్చుట యే న్యాయము? సంకేతలిపిలో బంధించిన ఫోల్డరైనచో, దాని తాళపు మాట లేనిదే తయారుచేసిన కంపెనీవారు సైతము తెఱువజాలరు. ఆ యొక్క మాటను మాత్రము రెండు కాగితములమీద వ్రాసి, ఒకటి యింటను, రెండవది బ్యాంకు లాకరులోను ఉంచవలెను.