జొన్నగిరి బంగారము

కర్నూలు జిల్లా తుగ్గలి మండలములో జొన్నగిరి అను గ్రామము కలదు. తొలకరి వానలు కురిసినంతనే వజ్రములకై అనేకులు ఆ ప్రాంతపు చేలలో వెదకుచుందురు. కాని ఆ నేలలోని రెండవ సంపద అట్లు ఏరుకొనదగినది కాదు. అది రాతిలో అణగియున్న బంగారము.

జొన్నగిరియే ప్రాచీన సువర్ణగిరి యని కొందరు చరిత్రకారుల అభిప్రాయము. సమీపముననే ఎర్రగుడి బండలపై అశోకుని శాసనములు కలవు. 1920 దశకము చివర వానిని కనుగొన్నవాడు ఒక భూగర్భ శాస్త్రజ్ఞుడే. పూర్వులు బంగారమునకై త్రవ్విన గోతుల జాడలును ఇచ్చట కలవు.

ఈ బంగారము ఎట్లు ఏర్పడినది? 250 కోట్ల సంవత్సరములకు పూర్వమే ఇచ్చటి శిలలు ఒత్తిడికి లోనై పగుళ్లు వారినవి. భూమి లోతులనుండి వేడినీరు ఆ పగుళ్లలో ప్రవహించి, తనలో కరిగియున్న పదార్థములను విడిచినది. అట్లు తెల్లని పలుగురాతి చారలును, వానితో సన్నని బంగారు రేణువులును నిలిచినవి. పసుపు వన్నెతో మెరయు పైరైటు అను ఖనిజము గూడ వానిలో నుండును. దానిని చూచి బంగారమని భ్రమపడరాదు.

అన్వేషకులు మొదట శిలల పటము గీయుదురు, మట్టిని, రాతిని పరీక్షింతురు, కందకములు త్రవ్వుదురు. పిమ్మట యంత్రముతో బోరువేసి, కడ్డీవలె వచ్చు రాతిని లోతుల వారీగా పెట్టెలలో అమర్చి పరీక్షకు పంపుదురు. టన్ను రాతిలో 2 గ్రాముల బంగారమున్నదనుకొందము. 10 గ్రాములు కావలెనన్న 5 టన్నులకు తక్కువ కాకుండ రాతిని పిండిచేయవలెను. కనుక ఒక బోరులో బంగారము తగిలినంతనే గని యేర్పడదు. చార యెంత పొడవు, యెంత మందము, యెంత లోతు అనునవి తేలవలెను.

ఇచ్చట భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ పరిశోధించినది. 2013లో ఒక ప్రైవేటు సంస్థకు గని కౌలు లభించినది. కొంతకాలమునకు ముగియు గని వేలయేండ్లు పండిన చేల నడుమ వెలయునపుడు రైతు మేలుకొని యుండవలెను. చేలో బోరు వేసిరన్న పుకారు విని భూమి నమ్ముకొనరాదు. పెద్ద గనులకు ముందుగా జరుగు ప్రజాభిప్రాయ సేకరణకు తప్పక పోవలెను. నీరెచ్చటినుండి తెత్తురు? బంగారము తీయుటకు వాడు సయనైడు కలిసిన బురదను ఎచ్చట నిలువచేయుదురు? పని ముగిసిన పిదప గోతులను ఎవరు పూడ్తురు? ఈ ప్రశ్నలు అడుగుట గ్రామస్థుల హక్కు. వానికి తగిన సమాధానము వచ్చినప్పుడే నేలలోని బంగారము ఊరికి సంపద యగును.