ఆజ్ఞాపాలనకు హద్దు

లక్షలాది యూదులను మారణ శిబిరాలకు తరలించే ఏర్పాట్లు చూసిన నాజీ అధికారి ఐక్‌మన్‌పై 1961వ సంవత్సరంలో జెరూసలేంలో విచారణ జరిగింది. తాను పైవారి ఆజ్ఞలను పాలించానే తప్ప వేరే నేరమెరుగనని అతని వాదం. అదే ఏడు అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో స్టాన్లీ మిల్‌గ్రామ్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఒక పరీక్ష ఆరంభించాడు.

పత్రికా ప్రకటన చూసి వచ్చిన సామాన్యులను అతడు ఉపాధ్యాయ స్థానంలో కూర్చోబెట్టాడు. గోడకు ఆవలనున్న విద్యార్థి తప్పు చెప్పినప్పుడల్లా విద్యుద్ఘాతం ఇవ్వాలి. 15 వోల్టులతో మొదలై తప్పుకు 15 చొప్పున 450 వరకు పెరుగుతుంది. నిజానికి కరెంటు లేదు, ఆ విద్యార్థి నటుడే. మీట నొక్కేవారికి ఆ సంగతి తెలియదు. 40 మందిలో 26 మంది చివరి మీట వరకు వెళ్ళారు. వారు క్రూరులు కారు. చెమటలు కక్కుతూ, వణుకుతూనే నొక్కారు.

చాలామంది ఈ అంకెతోనే ఆగిపోతారు. మిల్‌గ్రామ్ ఆగలేదు. పక్కన కూర్చున్న ఇద్దరు సహచరులు మధ్యలో నిరాకరించి లేచిపోయేలా మరొక పరీక్ష చేశాడు. అప్పుడు చివరిదాకా వెళ్ళినవారు 40 మందిలో నలుగురే!

ఇక్కడ హదీసు విద్యార్థికి అలీ (రజి) ఉల్లేఖించగా బుఖారీలో నమోదైన ఒక సంఘటన జ్ఞప్తికి రాక మానదు. దైవప్రవక్త (స) ఒక సైనిక దళానికి అన్సారులలో ఒకరిని నాయకునిగా నియమించి, ఆయనకు విధేయులై ఉండమన్నారు. ఒకనాడు ఆ నాయకుడు కోపగించి, కట్టెలు పోగుచేయించి మంట వేయించాడు. తనకు విధేయత చూపమని ప్రవక్తే ఆజ్ఞాపించలేదా అని అడిగి, అందులో దూకమన్నాడు. కొందరు దూకబోయారు. కాని ఒకరినొకరు పట్టి ఆపుకొన్నారు. తాము ప్రవక్త వద్దకు పరుగెత్తి వచ్చింది అగ్ని నుండి తప్పించుకోవడానికే కదా అన్నారు. ఈలోగా మంట ఆరింది, కోపమూ చల్లారింది. సంగతి విన్న ప్రవక్త (స), వారు అందులో ప్రవేశించి ఉంటే ప్రళయదినం వరకు బయటపడేవారు కారని, విధేయత మారూఫ్‌లోనే అని తీర్పు చెప్పారు.

ఖుత్బాలలో ఈ తీర్పే ఎక్కువగా వినబడుతుంది. ఒకరినొకరు పట్టుకొన్న మాట అంతగా వినబడదు. నాయకుడు తన మాటకు ప్రవక్త పేరును అడ్డుపెట్టుకొన్న సంగతి కూడా గమనించదగినది. యేల్‌లోనూ పరీక్షకుడు శాస్త్రం పేరు చెప్పాడు, పరీక్ష కొనసాగడం అవసరమన్నాడు. 2009లో జెర్రీ బర్గర్ ప్రకటించిన పునఃపరీక్షలో, వేరే గత్యంతరం లేదన్న వట్టి ఆజ్ఞ దాకా వచ్చినవారిలో ఒక్కరూ కొనసాగలేదు. యేల్ రికార్డులను తరువాత పరిశీలించినవారు, కొందరికి ఆనాడే అనుమానం కలిగిందని కూడా చూపారు. కనుక 26 అనే అంకెను మానవ స్వభావానికి కొలబద్దగా తీసికోరాదు.

మారూఫ్‌ను ‘ధర్మసమ్మతం’ అని తెనిగించడం పరిపాటి. తప్పు కాదు గాని కొంత జారిపోతుంది. ఆ పదం ‘తెలిసికొనుట’ అనే ధాతువు నుండి వచ్చింది. మనిషి మంచిదని గుర్తుపట్టగలిగినదే మారూఫ్. విద్యార్థి కేకలు వినిపించేలా జరిపిన పరీక్షలలో, నిరాకరించినవారు ఎక్కువగా ఆగినది 150 వోల్టుల దగ్గర. తనను వదిలిపెట్టమని అతడు మొదటిసారి అడిగేది అక్కడే.