రెండున్నర లక్షల కారు: సరిహద్దు ఊళ్లో అసలు లెక్క

ఒకే మోడల్, ఒకే ఏడాది, రెండూ పెట్రోలు బళ్లే. కేఏ-34 నంబరున్న దానికి 2,40,000 అడుగుతున్నారు. ఏపీ-02 నంబరున్న దాన్ని 2,05,000కే ఇస్తామంటున్నారు. బళ్లారి కంటోన్మెంట్‌లో కాపురముండే కుటుంబం ఏది కొనాలి? ధరలు ఉదాహరణకు చెప్పినవే కానీ, ఈ ప్రశ్న మాత్రం ఇక్కడ సెకండ్ హ్యాండ్ కారు కొనే ప్రతి ఇంట్లోనూ వచ్చేదే. 35,000 మిగులుతాయని చాలామంది రెండోదాని వైపు మొగ్గుతారు. కాగితం, పెన్ను తీసి కూర్చుంటే ఆ మిగులు ఎంత నిలుస్తుందో తెలుస్తుంది.

సరిహద్దు దాటితే ఎంత?

1953 అక్టోబరు 1న బళ్లారి మైసూరు రాష్ట్రంలో (ఇప్పటి కర్ణాటకలో) కలిసింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు వెళ్లాయి. చుట్టరికాలు తెగలేదు కానీ పన్నులు మాత్రం విడిపోయాయి. గుంతకల్లు గంట ప్రయాణమే అయినా, అక్కడి కారు ఇక్కడికి వస్తే అది వేరే రాష్ట్రపు బండే.

మోటారు వాహనాల చట్టం (1988) 47వ సెక్షన్ ప్రకారం వేరే రాష్ట్రపు బండిని 12 నెలలకు మించి ఇక్కడ ఉంచుకుంటే కొత్త నంబరు తీసుకోవాలి. దానికి ముందు పాత ఆర్టీఓ ఆఫీసు నుంచి ఫారం 28తో ఎన్ఓసీ తెచ్చుకోవాలి. పాత చలాన్లు, పన్ను బకాయిలు తీరితే గానీ అది చేతికి రాదు. తర్వాత కర్ణాటకలో లైఫ్ టాక్స్ కట్టాలి. కొత్త కారుకైతే 5 లక్షల లోపు ధరకు ఇది 13 శాతం, 5 నుంచి 10 లక్షల వరకు 14 శాతం. సెస్సు వేరు. పాత కారుకు వయసును బట్టి ఇందులో కొంత వంతు కడితే సరిపోతుంది.

మన ఉదాహరణలోని కారు కొత్తలో 4,00,000 అనుకుందాం. 13 శాతం అంటే 52,000. వయసు చూసి అందులో సగమే పడిందనుకున్నా 26,000. ఎన్ఓసీకి తిరిగే ఖర్చు, ఫీజులు, ఏజెంటు చేతిలో పెట్టేది కలిపి ఇంకో ఐదారు వేలు. 35,000 మిగులులో చేతికి దక్కేది మూడు నాలుగు వేలు. దానికోసం నెలల తరబడి తిరగాలి. రాయదుర్గంలో ఉండి బళ్లారి కారు కొనేవాళ్లకూ ఇదే చిక్కు, ఇటునుంచి అటు.

ఇంకో జాగ్రత్త. ఆంధ్రలో 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ-39 సిరీస్ వచ్చింది. నంబరు ప్లేటు చూసి బండి ఏ జిల్లాదో చెప్పే రోజులు పోయాయి. అది ఆర్సీలో చూసుకోవాల్సిందే. ఢిల్లీ నంబరుతో చవగ్గా దొరికే డీజిల్ కార్లకు ఒక కారణం ఉంది. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్ బళ్లపై జాతీయ హరిత ట్రిబ్యునల్ పెట్టిన ఆంక్షను 2018లో సుప్రీంకోర్టు సమర్థించింది. అప్పటినుంచి అలాంటి బళ్లు ఎన్ఓసీ తీసుకుని ఇతర రాష్ట్రాల దారి పట్టాయి. ధర తక్కువే. లైఫ్ టాక్స్, తుప్పు మరమ్మతు ఖర్చు అందులో కలిసి ఉండవు.

ఎర్రమట్టి చెప్పే సాక్ష్యం

బళ్లారి కారును బళ్లారి పద్ధతిలోనే చూడాలి. సండూరు, తోరణగల్లు, హొసపేటె రోడ్లలో ఇనుప ఖనిజం లారీల వెనక ఏళ్లపాటు తిరిగిన బండికి ఎన్నిసార్లు పాలిష్ పెట్టినా దుమ్ము ఎక్కడో ఒకచోట మిగిలే ఉంటుంది. సీటు బెల్టును చివరిదాకా లాగండి. లోపల చుట్టుకుని ఉండే భాగాన్ని ఎవరూ కడగరు. అక్కడ ఎర్రటి చారలుంటే బండి ఎక్కడ తిరిగిందో చెప్పినట్టే. స్టెపినీ గుంత, డోర్ల అడుగు రబ్బర్లు, ఎయిర్ ఫిల్టర్ డబ్బా కూడా చూడండి. ఫిల్టర్ మార్చకుండా ఆ దుమ్ములో తిప్పితే ఇంజన్ లోపలి గోడలు త్వరగా అరుగుతాయి. ఆ అరుగుదల ఓడోమీటరులో కనిపించదు.

గనుల కంపెనీలకు టాక్సీగా తిప్పి, తర్వాత తెల్లబోర్డుకు మార్చిన బళ్లూ సంతలోకి వస్తుంటాయి. మొదట ఏ తరగతిలో రిజిస్టరయిందో ఆర్టీఓ రికార్డులో అడగండి. 2011 జులైలో సుప్రీంకోర్టు ఈ జిల్లాలో మైనింగ్‌ను ఆపే ముందు, గనుల జోరులో కొన్న పెద్ద కార్లకు ఇప్పుడు పదిహేనేళ్లు నిండుతున్నాయి. ప్రైవేటు కారు రిజిస్ట్రేషన్ గడువు 15 ఏళ్లు. ఆపైన ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. పదిహేనేళ్లు దాటిన కారుకు ఆ ఫీజును 2022 ఏప్రిల్‌లో 5,000 చేశారు. అసలు భారం ఫీజు కాదు, విడిభాగాలు. రెండు లక్షలకు దొరికిన పెద్ద కారుకు ఒక్క సస్పెన్షన్ బిల్లే చిన్న కారు ఏడాది ఖర్చును మించిపోవచ్చు.

అంకెలు అబద్ధం చెప్పని చోట్లు

ఓడోమీటరును తిప్పొచ్చు. ఈ నాలుగింటిని మార్చడం కష్టం.

టైరు: పక్క గోడ మీద నాలుగంకెలుంటాయి. 1419 అంటే 2019లో 14వ వారం తయారీ. 30,000 కి.మీ. తిరిగిందని చెప్పే పాత బండికి రెండో సెట్టు టైర్లుంటే కారణం అడగండి.

అద్దాలు: ప్రతి అద్దం మూలన తయారీ ఏడాది గుర్తు ఉంటుంది. వాటిలో ఒకటి వేరే ఏడాదిదైతే ఆ వైపు దెబ్బ తగిలి ఉండొచ్చు.

చాసిస్ నంబరు: 17 అక్షరాలు, అంకెలు. మారుతీ బండిదైతే ఎంఏ3తో, హ్యుందాయ్‌దైతే ఎంఏఎల్‌తో మొదలవుతుంది. బండి మీద చెక్కినది, ఆర్సీలో ఉన్నది అక్షరం అక్షరం సరిపోవాలి.

సర్వీసు చరిత్ర: కంపెనీ సర్వీసు సెంటర్లో ప్రతిసారీ రీడింగు రాస్తారు. 2021లో 72,000 ఉన్న బండి ఇప్పుడు 58,000 చూపిస్తే అక్కడితో బేరం ముగిసినట్టే.

డీజిలా, పెట్రోలా?

నెలకు 600 కి.మీ. తిరిగే ఇంటి లెక్క చూద్దాం. పెట్రోలు కారు లీటరుకు 18 కి.మీ. ఇస్తే, లీటరు 103 చొప్పున నెలకు 3,433 అవుతుంది. డీజిల్ కారు 22 కి.మీ. ఇస్తే, లీటరు 91 చొప్పున 2,482. ఏడాదికి మిగిలేది దాదాపు 11,400. డీజిల్ కారుకు 50,000 ఎక్కువ పెడితే అది తిరిగి రావడానికి నాలుగేళ్లు దాటుతుంది. మధ్యలో ఇంజెక్టరు చెడితే ఆ లెక్కా తప్పుతుంది. నెలకు 1,500 కి.మీ. దాటి తిరిగేవాళ్లకే డీజిల్ గిట్టుబాటు.

పాత పెట్రోలు కారుకు ఇంకో తరుగు కూడా ఉంది. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలుతో పాత తరం కార్లకు 6–7 శాతం మైలేజీ తగ్గవచ్చని నీతి ఆయోగ్ అంచనా వేసింది. 18 ఇచ్చేది 17కు దిగుతుందనుకోండి.

దుకాణం మూసేసిన కంపెనీల కార్లు చవగ్గా దొరుకుతాయి. షెవర్లే 2017లో ఇక్కడ అమ్మకాలు ఆపింది. ఫోర్డ్ 2021లో తయారీ మానేస్తున్నట్టు ప్రకటించింది. డాట్సన్ 2022లో వెళ్లిపోయింది. మంచి కార్లు లేవని కాదు. మీ మెకానిక్‌కు ఆ బండి తెలిసి, పార్టు నాలుగు రోజుల్లో తెప్పించగలిగితేనే వాటి జోలికి వెళ్లండి.

రెండున్నర లక్షల పట్టీ

చేతిలో 2,50,000 ఉంటే కారుకు 2,00,000 మించి పెట్టకండి. చిన్న పెట్రోలు కారుకు మొదటి ఏడాది ఖర్చు ఉజ్జాయింపుగా ఇలా ఉంటుంది:

కారు ధర: 2,00,000
పేరు మార్పు, ఏజెంటు: 4,000
ఇన్సూరెన్స్: 8,000
నాలుగు టైర్లు: 14,000
బ్యాటరీ: 4,500
ఆయిల్, ఫిల్టర్లు, బ్రేకు ప్యాడ్లు: 7,000
క్లచ్ సెట్టు: 8,000
మొత్తం: 2,45,500

అన్నీ ఒకేసారి రాకపోవచ్చు. రాకపోతే మిగులు, వస్తే అప్పు చేయాల్సిన పని లేదు. ఇన్సూరెన్స్‌లో థర్డ్ పార్టీ ప్రీమియం 2022 జూన్ నోటిఫికేషన్ ప్రకారం 1000 సీసీ లోపు కారుకు 2,094, 1000–1500 సీసీకి 3,416. జీఎస్టీ అదనం. అమ్మినాయనకున్న నో క్లెయిమ్ బోనస్ మీకు రాదు, అది ఆయన వెంటే పోతుంది. డీలర్ దగ్గర కొంటే, పాత కార్ల మీద 18 శాతం జీఎస్టీ మొత్తం ధర మీద పడదని గుర్తుంచుకోండి. డీలరు లాభం మీదే పడుతుంది. 2,00,000కు కొన్న బండిని 2,30,000కు అమ్మితే పన్ను 5,400. మొత్తం ధర మీద 18 శాతం అడిగితే బిల్లు చూపించమనండి.

పేరు మారేదాకా బేరం తెగనట్టే

2007లో ఒకాయన కారు అమ్మేశాడు. రిజిస్టరులో పేరు మారలేదు. కారు చేతులు మారుతూ పోయి 2009లో ప్రమాదం చేసింది. పరిహారం కట్టాల్సింది రికార్డులో పేరున్న మొదటి యజమానే అని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. అందుకే పేరు మార్పు ఫారాలు 29, 30 మీద సంతకాలు పెట్టించుకుని బీరువాలో దాచుకోవడం ఇద్దరికీ చేటే. అదే రాష్ట్రంలో అయితే అమ్మినవాళ్లు 14 రోజుల్లో, వేరే రాష్ట్రమైతే 45 రోజుల్లో ఆర్టీఓకు తెలియజేయాలి. కొన్నవాళ్లకు 30 రోజులు. ఆర్సీలో హెచ్‌పీ (బ్యాంకు అప్పు గుర్తు) ఉంటే అప్పు తీరినట్టు బ్యాంకు లేఖ, ఫారం 35 చేతికొచ్చాకే డబ్బు ఇవ్వండి. ఇన్సూరెన్స్‌ను 14 రోజుల్లో మీ పేరుకు మార్చుకోండి. లేకపోతే మీ బండికి తగిలిన దెబ్బకు క్లెయిము అడగలేరు.

ఈ పరిమితిలో కంటోన్మెంట్ వాసులకు మా సలహా ఒక్కటే: కేఏ-34 లేదా కేఏ-35 నంబరు, ఏడు నుంచి తొమ్మిదేళ్ల వయసు, ఒకే యజమాని, సర్వీసు కాగితాలున్న చిన్న పెట్రోలు కారు. ధరలో కనీసం పదివేలు మీ దగ్గరే ఆపుకుని, ఆర్సీ మీ పేరు మీదికి వచ్చిన రోజే చెల్లించండి. దీనికి ఒప్పుకోని అమ్మకందారు కారు ఎంత చవకైనా వదిలేయండి.