రాజాం పింగళి చేతిలో లియర్ రాజు

‘మాయాబజార్’ మాటల రచయిత పింగళి నాగేంద్రరావు పుట్టింది 1901లో, మన రాజాంలో. 2022 దాకా శ్రీకాకుళం జిల్లాలో ఉన్న ఆ ఊరు ఇప్పుడు విజయనగరం జిల్లాది. రెండు జిల్లాల వాళ్లూ ఆయన్ను మావాడేనని చెప్పుకోవచ్చు.

ఆయన మాటలూ పాటలూ రాసిన ‘గుణసుందరి కథ’ (1949)కు ప్రేరణ షేక్‌స్పియర్ ‘కింగ్ లియర్’. దర్శకుడు కె.వి.రెడ్డి. తండ్రి మీద ప్రేమ ఎంతని రాజు అడిగితే పెద్ద కూతుళ్లిద్దరూ పొగడ్తలతో ముంచెత్తుతారు. చిన్నది గుణసుందరి మాత్రం ఆడదానికి భర్తే ముఖ్యమంటుంది. రాజు మండిపడి ఆమెను అవిటివాడిగా కనిపించే దైవాధీనం అనేవాడికి కట్టబెడతాడు. ఈ జవాబు మనవాళ్లు కల్పించిందనుకుంటాం. కాదు. పెళ్లయ్యాక నా ప్రేమలో సగం భర్తది కదా అని లియర్ చిన్న కూతురు కార్డీలియా కూడా అంటుంది. ఆ సగాన్ని పట్టుకుని పింగళి పతిభక్తి కథ అల్లారు. నాటకంలో ఆ జవాబు పాతివ్రత్యం కాదు. ప్రేమను తూచి రాజ్యం పంచుతానన్న తండ్రికి అదే తూకంతో చెప్పిన నిజం. ఇది పట్టుబడితే నాటకం సగం అర్థమైనట్టే.



సినిమాలో జబ్బుపడ్డ రాజుకు మహేంద్రమణి అనే మణితో నయమై అంతా సుఖాంతం. నాటకంలో కార్డీలియాను చెరసాలలో ఉరితీస్తారు; లియర్ ఆమె శవాన్ని చేతుల మీద మోసుకొచ్చి అక్కడే ప్రాణం విడుస్తాడు. మన ప్రేక్షకులకు ఏడుపు ముగింపు గిట్టదు కాబట్టి మార్చారని తేలిగ్గా అనేయకండి. 1681లో నాటకకర్త నాహమ్ టేట్ ఈ నాటకాన్ని తిరగరాసి కార్డీలియాను బతికించి పెళ్లికూతుర్ని చేశాడు. దాదాపు 150 ఏళ్లు ఇంగ్లండు రంగస్థలం మీద ఆడింది ఆ సుఖాంతమే! 1838లో నటుడు మెక్రెడీ షేక్‌స్పియర్ అసలు నాటకాన్ని మళ్లీ వేదికెక్కించాడు. ఇంకో విశేషం, షేక్‌స్పియర్ కంటే ముందే వచ్చిన లియర్ నాటకంలోనూ రాజుకు రాజ్యం తిరిగి దక్కుతుంది. అంటే ఆ చావులు షేక్‌స్పియర్ కావాలని తెచ్చినవి. తప్పు తెలిసొచ్చేసరికి దిద్దుకునే వ్యవధి లేకపోవడమే ఆయన చూపదలచిన విషాదం. గుణసుందరి తండ్రికి ఆ వ్యవధి దొరికింది.

విషాదం మనకు కొత్తా కాదు; షేక్‌స్పియర్ తెలుగులోకి వచ్చిందే విషాదంతో. 1870లలో వావిలాల వాసుదేవశాస్త్రి ‘జూలియస్ సీజర్’ను తెనిగించారు.

రాజాం, బొబ్బిలి, పాలకొండ కాలేజీల్లో ‘కింగ్ లియర్’ పాఠం చెప్పే మాస్టార్లకు ఒక మనవి: పుస్తకం తెరిచే ముందు, ‘గుణసుందరి కథ’లో రాజు కూతుళ్లను ప్రశ్నించే ఆ సన్నివేశాన్ని పిల్లలకు ఒక్కసారి చూపించండి.